బీరకాయ కింద మనిషి

రిక్షాకి మైకు కట్టి, రెండు పక్కలా బోర్డులు పెట్టి, అమలాపురంలో వీధివీధీ తిప్పారు ఆ సినిమా గురించి. "యుద్ధంలో కళ్లు పోయిన మహావీరుడు! కత్తి దూస్తే తలకాయలు ఎగురును! రండి, కడుపుబ్బ నవ్వండి!" అని మైకులో ఒకటే గోల. తలకాయలు ఎగురుతుంటే కడుపుబ్బ ఎలా నవ్వుతారో నాకు అర్థం కాలేదు. అది ఏ దేశం సినిమాయో కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు. చైనాది అన్నారు, జపానుది అన్నారు, మా వీధిలో ఒకాయన బర్మాదని పందెం కాశాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా అన్నయ్య, వదిన. యుద్ధంలో కళ్లు పోయినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆ రిక్షా మా గుమ్మం ముందుకి వచ్చేసరికి నేను చీపురు పట్టుకుని బయటికి వెళ్లాను. ఇక్కడ ఆగకుండా ముందుకు పొమ్మన్నాను. లోపలినుంచి అన్నయ్య, "ఉండనీ చెల్లాయ్, ఇంకోసారి చెప్పమను," అన్నాడు.

బంగ్లాదేశ్ యుద్ధంలో మా అన్నయ్యకి దగ్గరలో గుండు పేలింది. ప్రాణం మిగిలింది, చూపు మిగల్లేదు. దానికి కొన్ని నెలల ముందే సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లాడు. వదినది రాజోలు అవతల, గోదావరి ఒడ్డున ఒక ఊరు. సెలవు ఉన్నన్నాళ్లూ ఆవిడ ముఖం చూశాడు, అంతే. తిరిగి వచ్చాక ఇక చూసింది లేదు. పెన్షను వచ్చేది, నా జీతం వచ్చేది, తిండికి లోటు లేదు. అన్నయ్యకి మాత్రం కోపం ముక్కు మీద ఉండేది. కంచంలో కూర రోజూ పెట్టేవైపు కాకుండా రెండోవైపు పడిందంటే ఆ కంచం వెళ్లి గోడకి తగిలేది. వదిన ఏమీ అనకుండా మెతుకులు ఏరి, గోడ తుడిచి, మళ్లీ వడ్డించేది. ఆయనకి గడ్డం గీసేది, బీడీ వెలిగించి ఇచ్చేది, నూతి దగ్గరికీ దొడ్లోకీ చెయ్యి పట్టుకుని నడిపించేది. పుట్టింటికి వెళ్తే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యాలి. పిల్లలు కలగలేదు. "మా వదిన భూదేవండీ," అని వీధిలో ఆడవాళ్ల దగ్గర నేను గొప్పగా చెప్పేదాన్ని. వాళ్లు తలలూపి, అదృష్టవంతులండీ మీరు అనేవారు.

ఇక కత్తి సంగతి. మా ఊళ్లో దసరా అంటే చెడీ తాలింఖానా, అంటే కర్రసాము, కత్తిసాము. వీధికో ఊరేగింపు వాహనం, వీధికో జట్టు, జట్టుకో గురువుగారు. ఊరేగింపులో కర్రలు తిప్పుతారు, బల్లేలు తిప్పుతారు, కత్తులు తిప్పుతారు. అన్నిటికన్నా జనం ఎగబడి చూసేది కళ్లకి గంతలు కట్టుకుని కొట్టే కత్తి. ఒక మనిషి చాప మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని గొంతు మీద బీరకాయ పెడతారు. నల్లగుడ్డతో గంతలు కట్టుకున్నవాడు వచ్చి ఒక్క వేటుతో ఆ బీరకాయని రెండు చేస్తాడు. కింద మనిషికి గీత కూడా పడకూడదు. పట్టాళంలో చేరకముందు మా వీధి జట్టులో ఆ కత్తి మా అన్నయ్యదే.

అందులో కిటుకు ఆయనే నాకు చెప్పాడు. గంత ఎంత బిగించి కట్టినా ముక్కు పక్కన కాస్త సందు ఉంటుంది. అందరూ ఆ సందులోంచి చూసే కొడతారు. తాను మాత్రం గంత లోపల కళ్లు గట్టిగా మూసుకునేవాణ్ని అనేవాడు. డప్పులు ఆపించి, కత్తిని పక్కకి తిప్పి పడుకున్నవాడి గుండె మీద ఆనిస్తే అతని ఊపిరి కత్తి పిడి దాకా తెలుస్తుందట. అతను ఊపిరి పూర్తిగా వదిలేసినప్పుడు గొంతు లోపలికి దిగుతుంది, అప్పుడు కొట్టాలి. దీనికి కళ్లతో పని లేదనేవాడు. జట్టులో ఎవరూ నమ్మేవారు కాదు, గొప్పలు పోతున్నాడని నవ్వుకునేవారు.

అన్నయ్య పట్టుబట్టడంతో ముగ్గురం మ్యాట్నీకి వెళ్లాం. కుర్చీ టిక్కెట్లు తీసుకుని, మధ్యలో అన్నయ్యని కూర్చోబెట్టుకున్నాం. పరాయి భాష సినిమా వస్తే ఆ హాల్లో తెర పక్కన ఒక మనిషి మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పేవాడు. సగం కథ, సగం సొంత కవిత్వం. ఆ సినిమాలో వీరుడు రాజుగారి యుద్ధంలో కళ్లు పోగొట్టుకుని, సంతలో మంగలి పని పెట్టుకుంటాడు. యుద్ధం చేసిన కత్తితోనే గడ్డాలు గీస్తాడు. కుర్చీలో కూర్చున్నవాడు గజగజ వణుకుతాడు, హాలంతా నవ్వు. దొంగలు మీద పడితే వాళ్ల జుట్టుముళ్లు తెగుతాయి, పంట్లాం తాళ్లు తెగుతాయి, ఒక్కడికి కూడా చర్మం చిట్లదు. మధ్యమధ్యలో వీరుడు స్తంభానికి గుద్దుకుంటాడు, పేడలో కాలేస్తాడు, గాడిదని జమీందారుగారనుకుని వంగి వంగి దండం పెడతాడు. "చూసుకోవాలి కదండీ బాబూ!" అని మైకువాడు అంటే నేల టిక్కెట్టు వాళ్లు ఈలలు వేశారు.

అన్నయ్య నవ్వలేదు. "ఇప్పుడెందుకు నవ్వేరు?" అని నన్ను అడిగాడు. గాడిద సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చేదుకి బెల్లం పూసి చెప్పడం నాకు చేతకాదు. "సరేలే. కొట్టేముందు వాడు ఏం చేస్తున్నాడో అది చెప్పు," అన్నాడు. తల ఒక పక్కకి వంచి వింటున్నాడని చెప్పాను. ఆ మాటతో అన్నయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. మిగిలిన సినిమా అంతా అలాగే, తెర వైపు చెవి పెట్టుకుని కూర్చున్నాడు.

తిరిగి వస్తూ, సినిమా ఎలా ఉందని వదినని అడిగాను. "బావుందండి," అంది. కొంచెం దూరం నడిచాక, "అతనికి పెళ్లాన్ని పెట్టలేదు. మంచి పని చేసేరు," అంది. వదిన వేళాకోళం ఆడగా వినడం నాకు అదే మొదలు. నేను పకపకా నవ్వాను. అన్నయ్య కూడా నవ్వాడు. వదిన ఆయన చెయ్యి పట్టుకుని, "ఇక్కడ కాలవండి, చూసి రండి," అంటూ దాటించింది.

సినిమా వెళ్లిపోయింది కానీ దాని తాలూకు వెటకారం మా వీధిలో ఉండిపోయింది. కుర్రాళ్లు కళ్లు మూసుకుని కొబ్బరిమట్టలతో కొట్టుకునేవారు. అన్నయ్య అరుగు మీద కూర్చుంటే ఎవడో ఒకడు దూరంనుంచి, "గడ్డం గీస్తారేంటండీ?" అని అరిచి పారిపోయేవాడు. దసరా దగ్గరపడుతుండగా ఒకరోజు గురువుగారే స్వయంగా మా ఇంటికి వచ్చారు. పక్కవీధి వాళ్లు ఆ ఏడు రాజమండ్రినుంచి బ్యాండు పిలిపిస్తున్నారట. మన వీధికి కూడా ఒక ఆకర్షణ ఉండాలి కదా అన్నారు.

"సినిమా చూసేక ఊళ్లో అందరూ నీ మాటే అనుకుంటున్నారయ్యా. ఈ ఏడు మళ్లీ నువ్వే కత్తి పట్టాలి. నీకు గంతల ఖర్చు కూడా లేదు," అని, ఆ చివరి మాటకి తనే నవ్వారు.

అన్నయ్య ఆ నవ్వుని పట్టించుకోలేదు. "కింద ఎవరు పడుకుంటారండి?" అన్నాడు.

"ఎవరో ఎందుకు? మీవాడే."

మీవాడంటే సైకిలు షాపాయన. అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు. పూర్వం ప్రతి దసరాకీ అన్నయ్య కత్తి కింద పడుకున్నది అతనే. గురువుగారు కబురు చేస్తే ఆ సాయంత్రమే వచ్చాడు. "ఆయ్, అలాగేనండి," అని గురువుగారికి మా కోనసీమ మర్యాదతో అవునని చెప్పి, అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, "నీ కత్తి కింద కాకపోతే ఇంకెవడి కత్తి కింద పడుకుంటాన్రా," అన్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అబద్ధం కాదు, నేను చూశాను.

దాంతో అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. కళ్లు పోయిన దగ్గర్నుంచీ ఆయన్ని అందరూ చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లే. ఇప్పుడు ఒక మనిషి ఊరందరి ముందూ తనని నమ్మి తన కత్తి కింద మెడ పెడతాడు. "ఆ ఒక్కటీ జరిగితే చాలు చెల్లాయ్. నేను మళ్లీ మనుషుల్లో పడ్డట్టే," అన్నాడు నాతో. దసరా ఎప్పుడా అని చిన్నపిల్లాడిలా అడిగేవాడు.

అటక మీంచి కత్తి దింపించాడు. వదిన చింతపండు పెట్టి తోమి, కొబ్బరినూనె రాసి ఇచ్చింది. పెరట్లో కొబ్బరిచెట్టుకి తాడు కట్టి బీరకాయలు వేలాడదీసేది. మొదట్లో కత్తి గాలికే తగిలేది. తరవాత బీరకాయ తొక్క లేచింది, తరవాత తెగింది. అప్పుడు చాప మీద తలగడ వేసి, దాని మీద బీరకాయ పెట్టించుకున్నాడు. తలగడలు చిరిగి ఇంట్లో దూది ఎగిరేది. వదిన రోజూ మధ్యాహ్నం కూర్చుని కుట్టేది. పోనుపోను దూది ఎగరడం మానేసింది, బీరకాయ ఒక్కటే తెగేది. ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దునా సాయంత్రమూ బీరకాయ కూరే. తినలేక నేను మొత్తుకునేదాన్ని. అన్నయ్య మాత్రం లొట్టలేసుకుని తినేవాడు. కంచం ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు. ఇల్లు బాగుపడింది కదా అని నేను సంతోషపడ్డాను. వదిన ముఖంలో మాత్రం ఏ తేడా లేదు. ఆవిడ తీరే అంత అనుకున్నాను.

విజయదశమి మధ్యాహ్నం మా వీధి వాహనం బయలుదేరకముందే వీధి చివర జనం విరగబడ్డారు. నేనూ వదినా ఎదురింటి మేడ మీదనుంచి చూస్తున్నాం. అన్నయ్య పట్టాళం చొక్కా వేసుకుని, కత్తి పట్టుకుని, జనం మధ్య చాప ముందు నిలబడ్డాడు. కింద పడుకోవాల్సిన మనిషి రాలేదు. సైకిలు షాపుకి తాళం వేసి ఉంది. పి.గన్నవరంలో అత్తారింటికి పొద్దున బస్సుకే వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. గురువుగారు జట్టులో కుర్రాళ్ల వైపు చూశారు. ఆయన చూపు ఎవరి మీద పడితే వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. గంతల సందు సంగతి వాళ్లందరికీ తెలుసు. మా అన్నయ్యకి ఆ సందు కూడా లేదు.

"వచ్చేడా అండీ వాడు?" అని అన్నయ్య గట్టిగా అడిగాడు.

గురువుగారు ఒక్క క్షణం ఆలోచించారు. "వచ్చేడు, వచ్చేడు. పడుకుంటున్నాడు, ఉండు," అన్నారు. అని, వాహనానికి అలంకారంగా కట్టిన అరటి బోదె ఒకటి విప్పించారు. మనిషి పొడవు బోదె. దానికి ఒక పంచె చుట్టి చాప మీద పడుకోబెట్టారు. మెడ ఉండాల్సిన చోట బీరకాయ పెట్టారు. తరవాత నోటి మీద వేలు పెట్టుకుని జనం వైపు గుండ్రంగా తిరిగారు. ఊరంతా చూస్తూనే ఉంది. చూడనివాడు ఒక్కడే.

సినిమా హాల్లో కథ చెప్పిన మైకువాణ్నే ఆ రోజుకి మావాళ్లు మాట్లాడుకున్నారు. వాడు అందుకున్నాడు. "పడుకున్నాడండీ ధైర్యవంతుడు! పెళ్లానికి చెప్పి మరీ వచ్చేడండీ! చూడండి బాబూ, ఎంత తెల్లగా ఉన్నాడో!" జనం నోళ్లకి తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు. నేను పిట్టగోడ మీదికి వంగి, అది బోదె అన్నయ్యా అని అరిచాను. నా అరుపు డప్పుల్లో కలిసిపోయింది. డప్పులు ఆగాక మళ్లీ అరవబోతే వదిన నా నోరు మూసేసింది. "వద్దండి. ఇంతమందిలో వద్దు," అంది.

అన్నయ్య మోకాలి మీద కూర్చుని కత్తిని పక్కకి తిప్పి బోదె మీద ఆనించాడు. తల పక్కకి వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. కత్తిని కొంచెం పైకి జరిపి ఆనించాడు, మళ్లీ కిందికి తెచ్చాడు. జనంలో కిసుకిసలు మొదలయ్యాయి. అన్నయ్య ముఖం నల్లబడటం మేడ మీదికి కూడా కనిపించింది. లేచి నిలబడి, కత్తి ఎత్తి, ఒక్క వేటు వేశాడు. బీరకాయ రెండు ముక్కలై చెరోపక్కా పడింది. బోదె మీద చుట్టిన పంచెకి కూడా చిరుగు పడలేదు. ఈలలు, చప్పట్లు. అన్నయ్య నిటారుగా నిలబడి, చాప వైపు తిరిగి, ఆ బోదెకి పట్టాళం సెల్యూట్ చేశాడు. సినిమాలో గాడిద దండానికి నవ్విన దానికన్నా ఎక్కువ నవ్వారు జనం. ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. వదిన కిందికి దిగి వెళ్లి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాడు పొద్దున అన్నయ్య కాఫీ కూడా తాగలేదు. గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ఒళ్లో కత్తి. నేను సైకిలు షాపాయన్నీ, గురువుగార్నీ, మైకువాణ్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ల వంశాలన్నీ తిరగేశాను.

"బోదె అని నాకు తెలుసు చెల్లాయ్," అన్నాడు. "ఊపిరి లేదు దానికి."

"తెలిసీ ఎందుకు కొట్టేవు? అక్కడే పారేసి వచ్చెయ్యలేకపోయేవా కత్తి?"

"పారేస్తే గుడ్డోడు భయపడి పారిపోయేడంటారు." ఒళ్లో కత్తిని అటు తిప్పి పెట్టుకున్నాడు. "ఊరు ఊరంతా ఉంది అక్కడ. పట్టాళంనుంచి వచ్చిన నాడు ఇదే జనం నన్ను భుజాల మీద మోసేరు. నిన్న ఒక్కడూ పడుకోలేదు."

"నేను పడుకుంటానండి," అంది వదిన వంటింట్లోంచి.

బీరకాయ పట్టుకుని వచ్చింది. గదిలో చాప పరిచింది. నీకేమైనా మతి పోయిందా అన్నాడు అన్నయ్య. "మీకు ఎవరో ఒకరు కావాలి కదండీ. లెగండి," అంది. నేను అడ్డం వెళ్లాను. "మీరు గుమ్మంలో నించోండి, ఎవరూ రాకుండా," అంది నాతో. గొంతు పెంచలేదు. కానీ ఆ ఇంట్లో ఆవిడ ఒకరికి పని చెప్పడం అదే మొదలు కాబట్టి కాబోలు, నేను వెళ్లి గుమ్మంలో నించున్నాను. వెల్లకిలా పడుకుని, మంగళసూత్రం కత్తికి అడ్డం రాకుండా మెడ వెనక్కి తోసుకుంది. బీరకాయ తనే పెట్టుకుంది.

అన్నయ్య వద్దని ఇంకోసారి అన్నాడు కానీ అప్పటికే చాప పక్కన మోకాలు వేశాడు. ఆయనకి అది ఎంత కావాలో ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. కత్తిని పక్కకి తిప్పి ఆవిడ గుండె మీద ఆనించాడు. తల వంచాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనుమానం వచ్చినవాడిలా ఇంకాసేపు ఆనించి, లేచి, కొట్టాడు.

బీరకాయ రెండు ముక్కలైంది. నేను పరుగెత్తి వెళ్లి వదిన మెడ తడిమాను. గీత కూడా లేదు. "కొట్టేవు అన్నయ్యా! మనిషి మీద కొట్టేవు! ఇప్పుడే వెళ్లి ఆ గురువుగారి మొహం మీద చెప్పొస్తాను," అని ఏడుస్తూ నవ్వుతూ ఏదేదో అన్నాను.

అన్నయ్య కత్తిని గదిలో మూలకి విసిరేశాడు. చాప పక్కన కూలబడి, తడుముకుంటూ వదిన మెడ పట్టుకున్నాడు. గీత పడిందేమోనని వేళ్లతో చుట్టూ వెతికాడు.

"నీ ఊపిరి ఎగసలేదు," అన్నాడు.

వదిన లేచి కూర్చుంది. "బాగా కొట్టేరండి," అంది.

"కత్తి గుండె మీద పెడితే ఎంతటివాడికైనా ఊపిరి ఎగుస్తుంది. అన్నేళ్లు పడుకున్నవాడు, వాడికీ ఎగిసేది. చచ్చిపోతామేమోనని ఉంటుంది కదా మనిషికి. నువ్వు నిద్దరోతున్నట్టు ఉన్నావు."

"నిన్ను నమ్మింది కాబట్టి అన్నయ్యా," అన్నాను నేను.

"నమ్మినవాళ్ల ఊపిరి నాకు తెలుసు, నువ్వూరుకో." ముఖం వదిన వైపు తిప్పాడు. కళ్లు పోయాక ఆయన గొంతు అంత చిన్నదవడం నేను వినలేదు. "నా కోసం కాదు, నన్ను నమ్మీ కాదు. తెగితే తెగుతుందిలే, ఇంతటితో నాకు సరిపోతుంది అనుకుని పడుకున్నావు. అంతేనా?"

వదిన మంగళసూత్రం మెడ ముందుకి లాక్కుంది. పమిట సర్దుకుంది. రెండు బీరకాయ ముక్కలూ తీసి ఒళ్లో పెట్టుకుంది. మంచినీళ్లు తెస్తావా అని అడిగినా, పుట్టింటికి సాయంత్రానికల్లా వచ్చేస్తావా అని అడిగినా ఎంత మర్యాదగా జవాబు చెప్పేదో అంత మర్యాదగానూ చెప్పింది.

"ఆయ్," అంది.